దుమ్ము కంటబడితేనే అమ్ముడుపోయిన యంత్రం

భిలాయిలోని రుఆబాంధా క్వార్టర్లలో దుమ్ము గురించి ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించిన నాటి నుంచీ ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి ఈ ఊరి పక్కన నలుగుతూనే ఉన్నాయి. అయినా ఇక్కడి తెలుగిళ్లలో చీపురును వాక్యూమ్ క్లీనర్ గద్దె దింపలేకపోయింది. అది పుట్టింది తివాచీల కోసం మరి.

1901లో లండన్‌లో ఒకాయన గాలి ఊది దుమ్ము లేపే యంత్రాన్ని ప్రదర్శించాడు. చూస్తున్న ఇంజనీరు హ్యూబర్ట్ సెసిల్ బూత్‌కు అనుమానం వచ్చింది. లేచిన దుమ్ము మళ్లీ అక్కడే పడుతుంది కదా, ఊదే బదులు పీల్చొచ్చుగా? కుదరదన్నాడు యంత్రం తాలూకు మనిషి. బూత్ ఊరుకోలేదు. ఒక హోటల్లో కుర్చీ మెత్త మీద జేబురుమాలు పరిచి, నోరు ఆనించి గట్టిగా పీల్చాడు. దగ్గు ముంచుకొచ్చింది. రుమాలు తిరగేసి చూస్తే అడుగున మట్టి మరక. గుడ్డ గాలిని వదిలి దుమ్మును పట్టేసింది!

ఆయన తయారుచేసిన యంత్రం ఇంట్లో పట్టేది కాదు. గుర్రబ్బండి మీద పెట్రోలు ఇంజను. బండి వీధిలోనే ఆగితే, పొడవాటి గొట్టాలు కిటికీల్లోంచి లోపలికి వెళ్లేవి. చూడవచ్చిన వాళ్లకు మట్టి కనబడేలా పారదర్శకమైన గొట్టం కూడా పెట్టాడు. గడుసువాడే. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే తివాచీలు శుభ్రం చేసింది ఈ బండే.

దాన్ని ఇంటికి తెచ్చినవాడు అమెరికాలోని కాంటన్‌లో ఒక దుకాణం ఊడ్చే జేమ్స్ మరే స్పాంగ్లర్. ఊడ్చినప్పుడల్లా ఉబ్బసం. ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి 1907లో సొంతంగా ఒక యంత్రం కట్టుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని కొన్న విలియం హూవర్ తోలు వ్యాపారి. మోటారు కార్లొచ్చి గుర్రపు జీనుల గిరాకీ తగ్గుతున్న రోజులవి. పది రోజులు ఉచితంగా వాడి చూడండని పత్రికలో ప్రకటన వేశాడు. 1921లో స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్ ఈ యంత్రాన్ని నేల మీద పడుకోబెట్టి గొట్టం తగిలించింది. మనకు అలవాటైన ఆకారం అదే.

ఆ ఎలక్ట్రోలక్స్, అప్పట్లో టాటాలదైన ఫోర్బ్స్ కంపెనీ కలిసి 1982లో యురేకా ఫోర్బ్స్ పెట్టాయి. టై కట్టిన కుర్రాళ్లు తలుపు తట్టి యూరోక్లీన్ వాక్యూమ్ క్లీనర్ చూపించేవారు. గచ్చు జోలికి పోయేవారు కాదు. నేరుగా పరుపు దగ్గరికి వెళ్లి గొట్టం నడిపి, లోపల చేరిన పొడిని కాగితం మీద దులిపేవారు. "అయ్యబాబోయ్, ఇంత మట్టిలో పడుకుంటున్నామా!" అని ఇల్లాలు అనడమే ఆలస్యం, సగం బేరం కుదిరినట్టే. బూత్ రుమాలు ఎత్తే అది. కొన్న యంత్రాలు చాలా ఇళ్లలో పండగ ముందు సోఫా దులపడానికి దిగి, తిరిగి అటకెక్కేవి. ఊడ్చి తడిగుడ్డ పెట్టే నేలకు దానితో పనేముంది?

యంత్రం లోపల దుమ్ము పట్టే గుడ్డ సంచితో అసలు చిక్కు వేరే ఉంది. సన్నటి దుమ్ము గుడ్డ రంధ్రాలను పూడ్చేస్తే పీల్పు పడిపోతుంది. బ్రిటన్ ఆవిష్కర్త జేమ్స్ డైసన్ దీనికి విరుగుడు ఒక కలప కోతమిల్లులో చూశాడు: గాలిని శంకువులో గిర్రున తిప్పితే బరువైన రేణువులు గోడకు కొట్టుకుని కిందికి జారతాయి. ప్లాంటులో పనిచేసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసు డస్ట్ క్యాచర్లోకి దిగి, వేగం తగ్గి, పైకి మళ్లేటప్పుడు దుమ్మును కిందే వదిలేస్తుంది. సంచి లేకుండా దుమ్ము విడదీయడం పరిశ్రమకు పాత విద్యే. ఇంటి సైజుకు దించడానికి మాత్రం డైసన్ 5,127 నమూనాలు చేయాల్సొచ్చింది. 1993లో ఆయన యంత్రం డీసీ01 బ్రిటన్ బజారులోకి వచ్చింది. చెత్త కనబడే పారదర్శక డబ్బా ఎవరికి కావాలని దుకాణదారులు పెదవి విరిచారు. జనం దాన్నే ఇష్టపడ్డారు.

ఇప్పుడు తుడుపుగుడ్డ తగిలించిన రోబోలు వచ్చాయి. మన నేలలకు సరిపోయే మార్పు నాకు తెలిసి ఇదొక్కటే. కొనేవారికి ఒక మాట: డబ్బా మీది వాట్లు మోటారు తాగే కరెంటు లెక్క, పీల్పు లెక్క కాదు. ఫిల్టరు కడగొచ్చో లేదో అడగండి. కడిగితే పూర్తిగా ఆరాకే బిగించండి. తడి పీల్చే మోడల్ అని రాసి లేకపోతే ఒలికిన నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి.