మెడ్యులోబ్లాస్టోమా: సూక్ష్మదర్శిని నుండి జన్యుపరీక్ష వరకు నూరేళ్ల చరిత్ర

వ్యాససంగ్రహం

పిల్లల మెదడులో ఏర్పడే ప్రాణాంతక కణుతులలో మెడ్యులోబ్లాస్టోమా ప్రధానమైనది. 1925లో సూక్ష్మదర్శిని పరిశీలనపై ఆధారపడి పెట్టిన ఈ పేరు నేటికీ నిలిచి ఉంది. అయితే ఆ పేరు కింద ఉన్నది ఒకే వ్యాధి కాదని జన్యుపరీక్షలు తేల్చాయి. ఈ వర్గీకరణ మారిన క్రమాన్ని, చికిత్సా నిర్ణయాలపై దాని ప్రభావాన్ని, ‘జన్యు’ అనే మాట తెలుగు వ్యవహారంలో కలిగించే అపార్థాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మెడ్యులోబ్లాస్టోమా, జన్యుపరీక్ష, వర్గీకరణ, రేడియేషన్, వైద్యచరిత్ర, పరిభాష.

1. ఉపోద్ఘాతం

వ్యాధికి పేరు పెట్టడం వైద్యంలో కేవలం భాషావ్యవహారం కాదు. పేరును బట్టే చికిత్స నిర్ణయమవుతుంది. పిల్లల మెదడు కణుతుల విషయంలో ఈ సంబంధం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మెదడు ఇంకా ఎదుగుతున్న వయసులో ఇచ్చే రేడియేషన్ ప్రాణాన్ని నిలుపుతుంది. అదే రేడియేషన్ జ్ఞాపకశక్తిని, చదువును, శరీర ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందువల్ల ఏ బిడ్డకు ఎంత చికిత్స అవసరం, ఎంత అనవసరం అన్న ప్రశ్నే ఈ చరిత్రకు కేంద్రం.

2. ఊహించిన కణం, నిలిచిన పేరు

అమెరికాలోని బోస్టన్‌లో పనిచేసిన శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్, ఆయన సహచరుడు పెర్సివల్ బెయిలీ పిల్లల చిన్నమెదడులో తరచుగా కనిపించే ఒక కణితిని 1925లో వర్ణించారు. మొదట వారు ‘స్పాంజియోబ్లాస్టోమా’ అనే పేరు అనుకున్నారు. ఆ పేరును ఇతరులు వేరొక కణితికి వాడి ఉండటంతో ‘మెడ్యులోబ్లాస్టోమా’ను ఎంచుకున్నారు. ‘మెడ్యులోబ్లాస్ట్’ అనే ఆదికణం నుండి ఇది పుడుతుందన్నది వారి ఊహ. అటువంటి కణం మెదడులో ఉన్నట్లు ఆ తరువాత ఎవరూ చూపలేకపోయారు. ఊహ వీగిపోయినా పేరు మాత్రం మిగిలింది.

ఆనాడు శస్త్రచికిత్స ఒక్కటే ప్రధాన ఆధారం. 1930లో కుషింగ్ ప్రకటించిన 61 మంది రోగుల అనుభవంలో మూడేళ్లు దాటి బతికినవారు దాదాపు లేరు.

3. రేడియేషన్: ప్రాణం, దాని మూల్యం

ఈ కణితి కణాలు మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే ద్రవం ద్వారా వ్యాపిస్తాయి. కణితి ఉన్న చోట మాత్రమే చికిత్స చేస్తే చాలదన్న గుర్తింపుతో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఎడిత్ పాటర్సన్, ఫార్ మెదడుకు, వెన్నుపాముకు మొత్తంగా రేడియేషన్ ఇచ్చారు. 1953లో వారు ప్రకటించిన ఫలితాలు ఈ వ్యాధి నయం కాగలదని మొదటిసారిగా నమ్మకం కలిగించాయి.

బతికిన పిల్లలు పెరిగి పెద్దవారైనప్పుడు రెండవ సమస్య ముందుకు వచ్చింది. నేర్చుకునే వేగం తగ్గడం, హార్మోన్ల లోపం, ఎత్తు పెరగకపోవడం వంటివి చికిత్స ఫలితాలేనని తేలింది. కీమోథెరపీని జోడించి, సాధారణ ప్రమాదస్థాయి ఉన్న పిల్లలలో మెదడు, వెన్నుపాములకిచ్చే మోతాదును 36 గ్రేల నుండి 23.4 గ్రేలకు తగ్గించగలిగారు. అయితే ప్రమాదస్థాయిని నిర్ణయించినవి బిడ్డ వయసు, శస్త్రచికిత్స తరువాత మిగిలిన కణితి పరిమాణం, వ్యాధి వ్యాప్తి. ఈ కొలతలన్నీ సమానంగా ఉన్న ఇద్దరు పిల్లలలో ఒకరు కోలుకోవడం, మరొకరికి వ్యాధి తిరగబెట్టడం ఎందుకో వాటి వల్ల తెలియలేదు.

4. జన్యువుల సాక్ష్యం

సమాధానానికి తొలి ఆనవాళ్లు అరుదైన కొన్ని కుటుంబాలలో దొరికాయి. చర్మ క్యాన్సర్లు ఎక్కువగా వచ్చే గోర్లిన్ సిండ్రోమ్‌లో పిల్లలకు మెడ్యులోబ్లాస్టోమా కూడా వస్తుంది. దానికి కారణం పిటిసిహెచ్1 అనే జన్యువులోని మార్పు అని 1996లో తెలిసింది. ఈ జన్యువు ‘హెడ్జ్‌హాగ్’ సంకేతమార్గానికి చెందినది. 1980లో న్యూస్లీన్-ఫోల్‌హార్డ్, వీషౌస్ పండ్ల ఈగల పిండాలపై చేసిన పరిశోధనలో ముళ్లపందిలా కనిపించిన డింభకం వల్ల ఆ పేరు వచ్చింది. ఈగ ఎదుగుదలను తెలుసుకోవడానికి చేసిన పని పిల్లల కణితిని అర్థం చేసుకోవడానికి తోడ్పడింది. అదేవిధంగా టర్కాట్ సిండ్రోమ్ ఉన్న కుటుంబాలపై 1995లో వెలువడిన అధ్యయనం ఎపిసి జన్యువుకు ఈ కణితితో ఉన్న సంబంధాన్ని చూపింది.

2002లో పొమెరాయ్ బృందం జన్యువుల వ్యక్తీకరణను బట్టి చికిత్సా ఫలితాన్ని అంచనా వేయవచ్చని నిరూపించింది. 2010లో బోస్టన్‌లో సమావేశమైన పరిశోధకులు నాలుగు ఉపవర్గాలపై ఏకాభిప్రాయానికి వచ్చారు. అది 2012లో ప్రచురితమైంది. అవి డబ్ల్యుఎన్‌టి, ఎస్‌హెచ్‌హెచ్ (సోనిక్ హెడ్జ్‌హాగ్), గ్రూప్ 3, గ్రూప్ 4. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 వర్గీకరణలో కణితి రూపంతోపాటు జన్యులక్షణాన్ని కూడా నిర్ధారణలో భాగం చేసింది.

వీటి పుట్టుక కూడా ఒకటి కాదు. ఎస్‌హెచ్‌హెచ్ వర్గం చిన్నమెదడులోని కణాల నుండి, డబ్ల్యుఎన్‌టి వర్గం మెదడుకాండం నుండి పుడుతుందని ఎలుకలపై జరిగిన పరిశోధన 2010లో సూచించింది. బెయిలీ, కుషింగ్ ఒకే కణానికి ఆపాదించినవి నిజానికి వేరువేరు వ్యాధులు.

5. చికిత్సా నిర్ణయాలలో మార్పు

డబ్ల్యుఎన్‌టి వర్గపు పిల్లలలో 90 శాతానికి పైగా ఐదేళ్లు దాటి జీవిస్తారు. కాబట్టి వారికి రేడియేషన్ మోతాదును 18 గ్రేలకు, కొన్ని చోట్ల 15 గ్రేలకు తగ్గించి పరీక్షిస్తున్నారు. అయితే రేడియేషన్‌ను పూర్తిగా మానివేసిన ఒక చిన్న ప్రయోగంలో వ్యాధి త్వరగా తిరగబెట్టడంతో దానిని నిలిపివేయవలసి వచ్చింది. ఉపవర్గాలను చూడకుండా 3 నుండి 7 ఏళ్ల పిల్లలలో కొందరికి 18 గ్రేలు ఇచ్చిన అమెరికా అధ్యయనంలోనూ వారిలో ఫలితాలు తగ్గాయి. ఎవరికి తగ్గించాలో, ఎంతవరకు తగ్గించాలో రెండూ తెలియాలని ఈ అనుభవాలు చెబుతున్నాయి.

ఎస్‌హెచ్‌హెచ్ వర్గంలో టిపి53 జన్యువు కూడా మారి ఉంటే ప్రమాదం బాగా ఎక్కువ. గోర్లిన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డకు రేడియేషన్ ఇస్తే ఆ భాగంలోనే కొత్త క్యాన్సర్లు రావచ్చు. అక్కడ పరీక్ష ఫలితం చికిత్స దిశనే మార్చివేస్తుంది. హెడ్జ్‌హాగ్ మార్గాన్ని అడ్డుకునే విస్మోడెగిబ్ అనే మందు 2009లో 26 ఏళ్ల రోగిలో ఆశ్చర్యకరంగా పనిచేసింది. కొద్ది నెలలకే కణితి ఆ మందుకు లొంగకుండా మారింది. పైగా ఎదిగే పిల్లలలో అది ఎముకల పెరుగుదలను ముందుగానే ఆపివేస్తుందని తరువాత వెల్లడైంది. పెద్దలకు పనికివచ్చిన మందు పిల్లలకు అదే విధంగా పనికిరాదు.

6. భారతదేశంలో పరీక్ష

తొలి వర్గీకరణలకు అతిశీతలంలో భద్రపరచిన తాజా కణజాలం, ఖరీదైన పరికరాలు అవసరమయ్యాయి. మన ఆసుపత్రులలో సాధారణంగా దొరికేది మాత్రం మైనపు దిమ్మలో భద్రపరచిన కణజాలమే. నవీ ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన ఆక్ట్రెక్ పరిశోధకులు ఆ మైనపు దిమ్మల నుండే నాలుగు ఉపవర్గాలను గుర్తించగల పిసిఆర్ పరీక్షను రూపొందించి 2013లో ప్రచురించారు. అందుబాటులో ఉన్న వస్తువుకు తగినట్లు పద్ధతిని మార్చుకోవడం ఈ చరిత్రలో గుర్తించదగిన అంశం.

7. ‘జన్యు’ అనే మాట

తెలుగులో ‘జన్యుపరమైనది’ అంటే చాలామందికి ‘వంశపారంపర్యమైనది’ అనే అర్థం స్ఫురిస్తుంది. బిడ్డ కణితిలో ‘జన్యులోపం’ ఉందని విన్న కుటుంబంలో అది తల్లి వైపు నుండి వచ్చిందా, తండ్రి వైపు నుండి వచ్చిందా అన్న నింద మొదలుకావచ్చు. వాస్తవానికి ఈ మార్పులలో అత్యధికం కణితి కణాలలో మాత్రమే ఏర్పడినవి. 1,022 మంది రోగులపై 2018లో వెలువడిన అధ్యయనంలో పుట్టుకతో వచ్చిన మార్పులు సుమారు 5 నుండి 6 శాతం మందిలోనే కారణమయ్యాయి. అందుచేత ‘కణితిలోని జన్యుమార్పు’, ‘పుట్టుకతో వచ్చిన జన్యుమార్పు’ అని రెండు వేరు పదబంధాలను వాడటం అవసరం. రెండవది ఉన్నప్పుడే తోబుట్టువుల పరీక్ష ప్రశ్న వస్తుంది.

8. ముగింపు

• 1925 నాటి పేరు ఒక ఊహపై నిలిచింది. నేటి వర్గీకరణ దానిని విభజించినా తొలగించలేదు.

• జన్యుపరీక్ష ప్రధాన ప్రయోజనం కొత్త మందు ఒక్కటే కాదు. అనవసరమైన రేడియేషన్ నుండి కొందరు పిల్లలను తప్పించగల అవకాశం కూడా.

• చికిత్స తగ్గింపు కూడా నిరూపణ కావలసిన ప్రయోగమే.

• పరీక్ష ఫలితాన్ని తల్లిదండ్రులకు చెప్పే భాష కూడా వైద్యంలో భాగం. ఆ పరిభాషను స్పష్టం చేయవలసిన బాధ్యత తెలుగు పరిశోధకులపై ఉంది.