కావలసినవాళ్లు: అబ్బూరి ఛాయాదేవి ఎంచుకున్న ఇల్లు

ఈ రోజు ఎపిసోడ్ ఒక అమీర్‌పేట హాస్టల్ గదిలో మొదలవుతుంది.

బీటెక్ అయిపోయాక జావా నేర్చుకోవడానికి నేనూ మైత్రీవనం వెనక సందుల్లో ఉన్నవాణ్ణే. ఒక గదిలో నలుగురం. ఒక రాత్రి మా రూమ్మేట్‌కి డెంగీ ముదిరింది. ఆటోలో వేసుకుని పంజాగుట్టలో ఒక ఆస్పత్రికి పరిగెత్తాం. అడ్మిషన్ ఫారంలో ఒక గడి ఉంది: "పేషెంట్‌తో సంబంధం". నేను "రూమ్మేట్" అని రాశా. కౌంటర్లో ఆయన ఫారం వెనక్కి తోశాడు. "ఫ్యామిలీ వాళ్లు ఎవరూ లేరా బాబూ?" వాళ్ల నాన్న అప్పుడే శ్రీకాకుళంలో బస్సెక్కుతున్నాడు. నేను కొట్టేసి "అన్న" అని రాసి సంతకం పెట్టా. అబద్ధమే. కానీ ఆ రాత్రి వాడికి అన్నని నేనే కదా!

ఆ గడి గుర్తొచ్చినప్పుడల్లా నాకు అబ్బూరి ఛాయాదేవి గారు గుర్తొస్తారు.

ఆవిడ 1933లో రాజమండ్రిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో ఎం.ఏ. చేశారు. 1950ల్లోనే 'కవిత' అనే పత్రికకి సంపాదకత్వం వహించారు. తర్వాత రూటు మార్చి లైబ్రరీ సైన్స్ చదివి, ఢిల్లీలో జేఎన్‌యూ డిప్యూటీ లైబ్రేరియన్ అయ్యారు. 1982లో తనంతట తనే ఆ ఉద్యోగం వదిలేశారు. 1989-90లో మళ్లీ పత్రిక, ఈసారి 'వనిత'.

ఆవిడ రాసిన 'బోన్సాయ్ బ్రతుకు' ఒకప్పుడు పదో తరగతి తెలుగు వాచకంలో పాఠం. కుండీలో భద్రంగా పెంచిన చెట్టు గాలివానకి తట్టుకోలేదు, బయట పెరిగిన చెట్టు పదిమందికి నీడనిస్తుంది. ఆడపిల్లల పెంపకం గురించి చెప్పిన కథ అది.

భర్త వరదరాజేశ్వరరావు గారు 1993లో పోయారు. పిల్లలు లేరు. మన ఇళ్లలో ఇలాంటప్పుడు వెంటనే వచ్చే ప్రశ్న ఏంటి? "ఇక ఎవరి దగ్గరుంటావమ్మా?" భర్త పోయిన పెద్దావిడ తన బతుకు తనే నిర్ణయించుకోవడం, ఆవిడ 'తన మార్గం' కథలో విషయం. అదే పేరున్న పుస్తకానికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

తర్వాత ఆవిడ నిజంగానే తన మార్గం చూసుకున్నారు. కొండాపూర్‌లో సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమానికి వెళ్లారు. కమ్యూనిస్టు నాయకుడు చండ్ర రాజేశ్వరరావు పేరు మీద నడిచే సంస్థ అది. ఇప్పుడైతే అమీర్‌పేటలో బ్లూ లైన్ మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగితే, అక్కణ్ణుంచి ఆటో దూరం. 2019 జూన్ 28న పోయేనాటికి ఆవిడకి 85 ఏళ్లు.

వృద్ధాశ్రమం అనగానే మనకి కన్నవాళ్లని వదిలేసే సీన్ గుర్తొస్తుంది. అలా జరిగేవీ బోలెడు, కాదనను. పైగా ఛాయాదేవి గారికి చదువు, ఉద్యోగం చేసిన అనుభవం, పేరు ఉన్నాయి. అవేవీ లేని ఆడవాళ్లకి ఎంచుకునే అవకాశం ఎక్కడిది? అందుకే ఇది ఒక్కావిడ ధైర్యం కథగా చెప్పి వదిలేస్తే సరిపోదు. పక్క గదిలో ఉండేవాళ్లని కూడా మనవాళ్లుగా ఒప్పుకునే పద్ధతి కావాలి.

చట్టం ఈ దిశలో కొంచెం కదిలింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం, వైద్యం విషయంలో మన తరఫున మాట్లాడే మనిషిని మనమే ఎంచుకోవచ్చు. 18 ఏళ్లు నిండితే చాలు. తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఆ మనిషి బంధువే కానక్కర్లేదు. అయితే ఇది మానసిక వైద్యం వరకే. పంజాగుట్ట కౌంటర్లో ఆ రాత్రి నాకు పనికొచ్చేది కాదు.

తెలుగులో చుట్టాలని "కావలసినవాళ్లు" అంటాం. ఆ మాటని విడగొట్టి చూడండి, రక్తం ఊసే లేదు. మనకి ఎవరు కావాలో వాళ్లే!

మా రూమ్మేట్ ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి, ఆఫీసు ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్ట్ దగ్గర నా నంబరు ఇచ్చానన్నాడు. "సంబంధం ఏమని రాశావ్‌రా?" అన్నా. "అన్న" అని రాశాడంట.

మీ ఫారంలో ఆ గడిలో ఎవరి పేరు ఉంది? కామెంట్లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.