పేరు లేని ప్రయాణికులు

నందిగామ, జగ్గయ్యపేట, మా వీరులపాడు ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి పేరు తెలియనివాళ్ళు తక్కువ. జగ్గయ్యపేటకు ఆ పేరు ఆయన తండ్రిదే. ఆయన కృష్ణకు అవతలి ఒడ్డున అమరావతి కట్టిస్తున్నప్పుడు, రాళ్ళకోసం తవ్విన దిబ్బలోంచి శిల్పాలు బయటపడ్డాయి. సంగతి విని 1798లో కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. ఆ స్తూపం లోకానికి తెలిసింది అప్పటినుంచే.

మెకంజీది స్కాట్లండ్‌లోని లూయిస్ దీవి. 1783లో మద్రాసులో దిగాడు, మళ్ళీ సొంతూరు చూడలేదు. మైసూరు కొలిచాడు, జావా వెళ్ళాడు, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో చనిపోయేనాటికి ఆయన పోగుచేసినవి: 1,568 వ్రాతప్రతులు, 8,076 శాసనాల నకళ్ళు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు. ఫోటో అనేది ఇంకా పుట్టని రోజులవి. చూసినదాన్ని దాచాలంటే గీయాలి, లేదా రాసుకోవాలి.

ఇక్కడే ఒక చిక్కుంది. మెకంజీకి మన భాషలు రావు. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. మరి ఇదంతా ఎవరు చదివారు?

ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. పెద్దవాడు బొర్రయ్య 1796లో, ఇరవై ఏళ్ళ వయసులో, మెకంజీ దగ్గర చేరాడు. శాసనాల లిపి విప్పడం, ఊళ్ళు తిరిగి కరణాల దగ్గర కవిలెలు చూడటం, పెద్దలు చెప్పింది కైఫీయతులుగా రాయించడం, ఇదీ ఆ బృందం పని. భారతీయ విజ్ఞానానికి తనకు తలుపు తెరిచినవాడు బొర్రయ్యేనని మెకంజీ 1817లో ఒక ఉత్తరంలో రాశాడు. కానీ బొర్రయ్య 1803లోనే, ముప్పై నిండకుండా పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని అందుకుని మెకంజీ చివరిదాకా నడిపించాడు. ఇంకో తమ్ముడు రామస్వామి 1829లో దక్కన్ కవుల జీవితాల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశాడు.

1816లో థామస్ హికీ గీసిన చిత్రంలో ఎర్రకోటు మెకంజీ చుట్టూ ముగ్గురు భారతీయులు నిలబడి ఉంటారు. మెకంజీని ఇట్టే పోల్చవచ్చు. ఆ ముగ్గురు ఎవరన్నది పండితులు ఊహించి చెప్పాల్సి వస్తోంది.

మెకంజీ పోయాక, ఆగిపోయిన ఆ పనిని తానే కొనసాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ కాదంది. స్థానికుడు సహాయకుడిగా పనికొస్తాడుగానీ, అలాంటి పరిశోధనకు నాయకత్వం వహించలేడన్నది జేమ్స్ ప్రిన్సెప్ అభిప్రాయం. నలభై ఏళ్ళ అనుభవమున్న ఆ కుటుంబానికి దక్కిన తీర్పు అది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కోడ్ అంతా రాసినవాడికి ప్రాజెక్టు అప్పగించలేదన్నమాట.

1882లో జేమ్స్ బర్జెస్ జగ్గయ్యపేట దగ్గర ధనంబోడు తవ్వించాడు. అక్కడ దొరికిన ఒక ప్రాకృత శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరానిది. స్తూపం తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు ఇచ్చినవాడి పేరు అందులో ఉంది. వాడు రాజు కాదు, శ్రేష్ఠి కాదు. సిద్ధార్థుడనే శిల్పి. తండ్రి పేరు, సొంతూరి పేరుతో సహా చెక్కించుకున్నాడు.

సుమారు పదిహేడు వందల ఏళ్ళ కిందటి ఆ పనివాడు ఎవరో మనకు తెలుసు. రెండు వందల ఏళ్ళ కిందట మన ఊళ్ళ చరిత్ర రాసి ఇచ్చినవాళ్ళ పని మాత్రం ఇవాళ్టికీ 'మెకంజీ కైఫీయతులే'.