కండరాల రక్తప్రసరణ - ఇన్సులిన్ సున్నితత్వం

రక్తంలోని గ్లూకోజును కణాల్లోకి పంపమని ఇన్సులిన్ చెప్పినప్పుడు శరీరం ఎంత బాగా స్పందిస్తుందన్నదే ఇన్సులిన్ సున్నితత్వం. ఇన్సులిన్ ప్రభావంతో రక్తంలోంచి తొలగే గ్లూకోజులో పెద్ద వాటా కండరాలకే పోతుంది. అయితే కండరకణం ఎంత చురుగ్గా ఉన్నా, ఇన్సులిన్, గ్లూకోజు రెండూ రక్తంతోపాటు దాని గుమ్మం దాకా రావాలి. ఇంత సూటిగా కనిపించే సంగతి వైద్యపరిశోధనలో ప్రధాన చర్చగా మారడానికి, ఇన్సులిన్ దొరికాక కూడా దాదాపు 70 ఏళ్లు పట్టింది.

డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ కండరాల్లోని కేశనాళికలను సిరాతో నింపి, సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టాడు. పనిచేసే కండరంలో, విశ్రాంతిలో ఉన్నదాని కంటే చాలా ఎక్కువ నాళికలు తెరుచుకుంటాయన్నాడు. ఈ రంగంలో కృషికే 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. 1922లో అమెరికా వెళ్లినప్పుడు, మధుమేహంతో బాధపడుతున్న భార్య మేరీ ప్రోద్బలంతో టొరంటోకూ వెళ్లి, ఇన్సులిన్ తయారీకి అనుమతితో స్వదేశానికి తిరిగొచ్చాడు. తాను శోధించిన కేశనాళికలకూ, తాను తెచ్చిన మందుకూ ఉన్న బంధం మాత్రం ఆయన బతికుండగా బయటపడలేదు.

1936లో లండన్ వైద్యుడు హెరాల్డ్ హిమ్స్‌వర్త్, మధుమేహ రోగుల్లో ఇన్సులిన్‌కు లొంగేవారు, లొంగనివారు వేర్వేరని చూపాడు. ఈ తేడాను కచ్చితంగా కొలిచే సాధనం 1979లో వచ్చింది. రాల్ఫ్ డిఫ్రాంజో, జోర్డాన్ టోబిన్, రూబిన్ ఆండ్రెస్ వివరించిన 'క్లాంప్' పద్ధతి అది. ఒక సూది ద్వారా ఇన్సులిన్ నిలకడగా ఎక్కిస్తూ, అయిదేసి నిమిషాలకు రక్తం పరీక్షిస్తూ, చక్కెర పడిపోకుండా గ్లూకోజును పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు. చక్కెరను ఒకే మట్టంలో నిలపడానికి ఎంత ఎక్కువ గ్లూకోజు పోయాల్సివస్తే, సున్నితత్వం అంత ఎక్కువ.

దాన్ని ఆసరా చేసుకునే అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో అలెన్ బారన్ బృందం కాలి రక్తప్రవాహాన్ని కొలిచింది. ఇన్సులిన్ అందుకున్న సన్నటివారిలో ప్రవాహం పెరిగిందనీ, స్థూలకాయుల్లో ఆ స్పందన మందగించిందనీ 1990లో ప్రకటించింది. రక్తనాళాల లోపొర విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడే ఈ విస్తరణకు కారణమని 1994లో తేలింది. ఇన్సులిన్ నిరోధకత కండరకణాల లోపమే కాదు, వాటికి రక్తం చేర్చే నాళాల లోపం కూడా అన్న ఆలోచన అప్పుడే బలపడింది.

అభ్యంతరాలూ వెంటనే వచ్చాయి. మామూలు భోజనం తర్వాత ఉండే ఇన్సులిన్ స్థాయిలో మొత్తం ప్రవాహం పెద్దగా పెరగదని కొందరు వాదించారు. ఫిన్లాండ్‌లోని టుర్కులో పిర్జో నూటిలా బృందం 1996లో బ్రాడికైనిన్ అనే పదార్థంతో కాలికి రక్తాన్ని పెంచి, పెట్ స్కాన్‌తో చూసింది. రక్తం పెరిగింది, గ్లూకోజు గ్రహణం మాత్రం పెరగలేదు. నాళాల లోపం అన్న వాదం అక్కడితో కూలిపోయినట్టే కనిపించింది.

నిజానికి తేలింది వేరు: కొలవాల్సింది మొత్తం ప్రవాహాన్ని కాదు, ఆ రక్తం ఏ నాళికల్లోకి పంచుకుపోతోందన్నదాన్ని. ఆస్ట్రేలియాలోని టాస్మానియా విశ్వవిద్యాలయంలో మైకేల్ క్లార్క్, స్టీఫెన్ రాటిగన్ దీన్ని పట్టుకున్నారు. కేశనాళికల గోడల్లోని ఎంజైము మార్చేసే ఒక పదార్థాన్ని ఎలుకలకు ఎక్కించి, అది ఎంత మారిందో చూసి, ఎన్ని నాళికలు రక్తానికి అందుబాటులోకి వచ్చాయో అంచనా వేశారు. ఇన్సులిన్ ఇచ్చినప్పుడు ఆ మార్పు పెరిగింది. తర్వాత వర్జీనియా విశ్వవిద్యాలయంలో యూజీన్ బారెట్ బృందం రక్తంలోకి సూక్ష్మబుడగలు పంపి, అల్ట్రాసౌండ్‌తో మనుషుల ముంజేతిలో ఇదే చూసింది. మొత్తం ప్రవాహం కదలకముందే, కొన్ని నిమిషాల్లోనే సూక్ష్మనాళికల్లో రక్తం పెరుగుతోందని ఎలుకల్లో రుజువైంది.

'మూసి ఉన్న నాళికలు తెరుచుకుంటాయి' అన్న క్రోగ్ చిత్రాన్ని ఇప్పుడు చాలామంది యథాతథంగా ఒప్పుకోరు. విశ్రాంతిలోనూ చాలా నాళికల్లో రక్తం పారుతూనే ఉంటుందని, మారేది దాని పంపకమేనని వాళ్ల వాదన.

సూక్ష్మప్రసరణ పాత్రకు వ్యాయామం వైపు నుంచి అందిన సాక్ష్యం మరింత బలమైనది. కోపెన్‌హాగెన్‌లో ఎరిక్ రిక్టర్ బృందం ఒక్క కాలితోనే వ్యాయామం చేయించి, గంటల తర్వాత రెండు కాళ్లనూ పోల్చింది. శ్రమించిన కాలు ఇన్సులిన్‌కు ఎక్కువగా స్పందించింది. 2017లో అదే నగరంలో, నైట్రిక్ ఆక్సైడ్ తయారీని ఆపే మందును తొడ ధమనుల్లోకి పంపగా సూక్ష్మప్రసరణ పెరుగుదల ఆగిపోయింది, శ్రమించిన కాలి గ్లూకోజు గ్రహణమూ తగ్గింది. అయినా పూర్తిగా నిలిచిపోలేదు. గ్లూకోజును లోపలికి చేర్చే గ్లూట్-4 వాహకాల వంటి కణంలోపలి ఏర్పాట్లు తమ వంతు పని చేస్తూనే ఉన్నాయి.