మేటివారి పందెము చూడదగినదేనా?

సంక్రాంతి సెలవులలో మా పరవాడ కుర్రవాండ్రు రెండు జట్లుగా ఏర్పడి క్రికెట్టు ఆడుదురు. ఆటలో నేర్పు అంతంతమాత్రమే. అయినను ఊరివారు ఎండలో నిలిచి చూతురు. ఏలయన, ఇరుపక్షములకును గెలువవలయునను పట్టుదల కలదు. పట్టుదల లేనిచోట నేర్పొక్కటియే ప్రేక్షకుని కూర్చుండబెట్టగలదా? ఈ ప్రశ్నను కొంత విచారింతము.

అమెరికాలో వృత్తి ఫుట్‌బాల్ ఆటగాండ్రలో మేటివారిని ఏరి, 1951 నుండి 'ప్రో బౌల్' అను పేర ఒక పోటీ జరుపుచు వచ్చిరి. అందు గెలిచినను ఆటగాని సొంత జట్టునకు ఒరుగునది లేదు. గాయపడినచో నష్టము మాత్రము తప్పదు. కావున ఆట నానాటికి చప్పబడెను. తుదకు 2022 పోటీ తరువాత ఒకరినొకరు పడద్రోయు ఆటను విడిచి, 2023 నుండి నడుమునకు కట్టిన పీలికను లాగు తేలిక ఆటను పెట్టిరి. అచ్చటి బేస్‌బాల్ అధికారులు 2003 మొదలు 2016 వరకు తమ మేటివారి పందెమునకు ఒక ఫలమును ముడివెట్టి చూచిరి. గెలిచిన పక్షమువారికి ఆ యేటి తుది పోటీలలో సొంతగడ్డ సౌకర్యము దక్కెడిది. ఆ యేర్పాటును కూడ పిమ్మట రద్దుచేసిరి.

ఇట్టి ముచ్చట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1930-31 శీతకాలమున ఎం.సి.సి. జట్టు మన దేశమునకు రావలసియుండెను. శాసనోల్లంఘనోద్యమము కారణముగ ఆ యాత్ర నిలిచిపోయెను. అప్పుడు క్రీడాలోకము 'విజ్జీ' అని పిలుచుకొన్న విజయనగర మహారాజకుమారుడు విజయానంద గజపతి తానే యొక జట్టును కూర్చి, భారత సింహళములలో ఆడించెను. 1962లో విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికైనది ఈయనయే. ఆ జట్టునకు ఆయన ఇంగ్లండు నుండి జాక్ హాబ్సును, హెర్బర్ట్ సట్‌క్లిఫును రప్పించెను. హాబ్సు తన కడపటి టెస్టును అంతకు కొద్ది నెలల ముందే ఆడి ముగించియుండెను; వయస్సు నలుబదియెనిమిది.

ఆ పందెములు నిజమైన పోటీలా, వేడుకలా? నేటికిని తగవు తీరలేదు. హాబ్సు ప్రథమశ్రేణి శతకములు విజ్డెను గ్రంథము లెక్కకు 197. మరికొందరు గణకుల లెక్కకు 199. ఆ రెండు శతకముల భేదము ఈ యాత్రవలన వచ్చినదే. ఇట్లే సట్‌క్లిఫు లెక్కయు 149, 151 అని రెండు తెరగుల నున్నది. 1926లో బొంబాయిలో ఎం.సి.సి.పై మన తెలుగు బిడ్డ సి.కె.నాయుడు పదునొకండు సిక్సర్లతో చేసిన 153 పరుగులను మాత్రము ఎవ్వరును శంకింపలేదు. అచ్చట గెలుపు అందరికిని కావలసియుండెను.

అట్లని ఈ కూటములన్నియు వ్యర్థములని మేము చెప్పజాలము. మేటి ఆటగాని బ్యాటు పట్టును, అడుగు వేయు తీరును దగ్గర నుండి చూచుట నేర్చుకొను వానికి పెన్నిధి. విజ్జీయే పాఠశాలలో చదువుచున్న ముష్తాఖ్ అలీని కాశీకి పిలిపించి శిక్షణ ఇప్పించెను. 1936లో మాంచెస్టరున విజయ్ మర్చంటుతో కలిసి తొలి వికెట్టునకు 203 పరుగులు చేసి, విదేశమున టెస్టు శతకము సాధించిన మొదటి భారతీయుడైనది ఆ ముష్తాఖే.

ఆ యాత్రకు నాయకుడు విజ్జీ. మూడు టెస్టులలో, ఆరు ఇన్నింగ్సులలో ఆయన చేసిన పరుగులు 33. రెండు టెస్టులు ఓడితిమి. యాత్ర నడుమనే లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపివేసిరి. తారలను కూర్చగలవాడు జట్టును నడపగలడన్న నమ్మకము ఆ వేసవిలో చెదరిపోయెను. విజ్జీ పిమ్మట రేడియోలో క్రికెట్టు వ్యాఖ్యాతగ పేరుపొందెను.

కావున మా తీర్పు ఇది. మేటివారి పందెమును పోటీగ చూచినచో నిరాశయే మిగులును; పాఠముగ చూచినచో లాభము కలదు. ఇంట ఆట నేర్చుకొను పిల్లవాడున్నచో వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూడుడు. గెలుపోటముల ఉద్వేగము కావలయునన్నచో, సంక్రాంతికి మా పరవాడకు రండు.