కలివికోడి కథ

తపాలా శాఖలో పనిచేసిన మన మిత్రులకు 1988లో విడుదలైన ఒక రూపాయి స్టాంపు గుర్తుండవచ్చు. దానిపై ఉన్న పిట్ట జెర్డాన్స్ కోర్సర్. కలివి పొదల నడుమ తిరుగుతుంది గనుక కడప వైపు దానిని కలివికోడి అంటారు. పగలంతా పొదల్లో దాగి, చీకటి పడ్డాకనే బయటికి వస్తుంది. రొమ్ముపై రెండు గోధుమ రంగు పట్టీలు ఉంటాయి.

సైనిక వైద్యుడైన జెర్డాన్ సేకరించిన ఈ పక్షిని 1848లో బ్లైత్ అనే శాస్త్రవేత్త లోకానికి పరిచయం చేశాడు. తరువాత బ్లాన్‌ఫర్డ్ సిరోంచ, భద్రాచలం పరిసరాలలో దీనిని చూశాడు. అంటే మన గోదావరి దిగువన కూడా ఒకప్పుడు ఇది ఉండేదన్నమాట! 1900లో అనంతపురం దగ్గర కనిపించిన తరువాత మళ్ళీ ఎవరికీ కంటబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఆశ వదులుకోలేదు. పిట్ట బొమ్మ పట్టుకొని ఊరూరా విచారించాడు. చివరికి 1986 జనవరిలో, కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ లైటు వెలుగులో ఒక పిట్టను పట్టుకున్నాడు. పుస్తకాలు చనిపోయిందన్న పక్షి, అడవి తెలిసినవాని చేతికి చిక్కింది. పాపం, అది ఎన్నో రోజులు బతకలేదు. ఈ వార్త విన్నప్పుడు సలీం అలీ గారికి 89 ఏళ్ళు. ఆ పక్షి కోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది.

ఇక కష్టమల్లా కాలువతో వచ్చింది. 2005లో తెలుగు గంగ కాలువ పనులు కలివికోడి తిరిగే పొదల్లోకి వచ్చాయి. కాలువ నీటి విలువ మోర్తాడ్ పసుపు రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. కడప రైతు ఆశ కూడా తప్పు కాదు. అయినా పొద పోతే ఆ పిట్టకు వేరే దిక్కు లేదు. అభ్యంతరాల మీదట పనులు ఆపి, కాలువ దారి మార్చారు. ఆ నిర్ణయం సబబే అని నా అభిప్రాయం.

దీని సంతానం సంగతి మరీ విచిత్రం. ఎవరికైనా తెలిసిన గుడ్డు ఒక్కటే. కోలారు బంగారు గనుల పశువైద్యుడు మీటన్ 1917లో సేకరించాడు. అది స్కాట్లండులోని ఎబర్డీన్ విశ్వవిద్యాలయం చేరి, ఎవరూ పట్టించుకోక పడి ఉంది. 2013లో గాని బయటపడలేదు. డి.ఎన్.ఎ. పరీక్షలో ఈ పక్షిదేనని తేలింది.

ఆ తరువాత చాలా ఏళ్ళు పిట్ట జాడ లేదు. 2025 ఆగస్టులో కడప ప్రాంతంలో, రాత్రిపూట, కొందరు పక్షి ప్రేమికులు దాని కూత విని రికార్డు చేశారు.