స్వాలోఫీల్డ్ ఇల్లు: డబ్బులెక్కడివి?

ఇంగ్లండు పల్లెల్లో పాత బంగళా అమ్మకానికొస్తే ఎవరు కట్టారు, ఎన్ని గదులు, తోట ఎంత అని అన్నీ రాస్తారు. కొన్నవాళ్ళకి డబ్బులెక్కడివో మాత్రం రాయరు.

మన ఐటీ వాళ్ళకి తెలిసిన రీడింగ్ పక్కనే స్వాలోఫీల్డ్ అని ఓ ఊరుంది. అక్కడి స్వాలోఫీల్డ్ పార్క్ సంగతే చూడండి. 1690 ప్రాంతంలో క్లారెండన్ ప్రభువు కట్టించాడు. తర్వాత కొన్నది థామస్ పిట్, మద్రాసు గవర్నరుగా చేసినాయన. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిన వజ్రాన్ని 1702లో సుమారు 20,400 పౌండ్లకి కొని, 1717లో ఫ్రాన్సు రీజెంటుకి 1,35,000కి అమ్మాడు. వజ్రం ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కొల్లూరేమో పులిచింతల నీళ్ళలో ఉంది!

1820లో ఆ ఇంటిని రస్సెల్ కుటుంబం కొంది. తండ్రి కలకత్తాలో చీఫ్ జస్టిస్ చేసి రిటైరయ్యాడు. కొడుకు హెన్రీ అదే ఏడాది దాకా హైదరాబాద్ రెసిడెంటు. కాపురం మన కోఠీ విమెన్స్ కాలేజీ పాత భవనంలోనే. నిజాముకి భారీ వడ్డీకి అప్పులిచ్చిన పామర్ కంపెనీలో ఆయనకి రహస్య వాటా ఉందని ఆరోపణ. ఆ అప్పు తీరడానికి నిజాము 1823లో ఉత్తర సర్కార్ల మీద తనకి రావలసిన కప్పాన్నే వదులుకున్నాడు.

రస్సెల్స్ 1965లో అమ్మేశారు. ఇప్పుడందులో అపార్టుమెంట్లు. రేపు మనవాళ్ళెవరైనా లోన్ పెట్టి ఒకటి కొనచ్చు. కొనండి, తప్పేం లేదు. కాకపోతే ఆ ఇంటి ఈఎంఐలు కొన్ని కొల్లూరు కూలీలు, నిజాం రైతులు ఎప్పుడో కట్టేశారని నా లెక్క. మీరేమంటారు?